ఆరోగ్య సమాచార వ్యవస్థలలో గుర్తింపు భద్రత: రోగి ఎవరు, వైద్యుడు ఎవరు, రికార్డు తెరిచినది ఎవరు

(ప్రత్యేక వ్యాసం)

ఆస్పత్రులలో కాగితపు కేసుషీట్ల స్థానాన్ని కంప్యూటర్ రికార్డులు క్రమంగా ఆక్రమిస్తున్నాయి. ఓ.పి. చీటీ మొదలుకొని రక్తపరీక్ష నివేదిక, ఎక్స్‌రే చిత్రం, మందుల చీటీ, డిశ్చార్జి పత్రం వరకు అన్నీ తెరమీదనే సిద్ధమై, తెరమీదనే మరొక ఆస్పత్రికి చేరగలిగే ఏర్పాటు దేశవ్యాప్తంగా విస్తరిస్తోంది. యంత్రాలు, సాఫ్ట్‌వేర్, ఇంటర్నెట్ సౌకర్యం గురించి జరిగినంత చర్చ ఇందులోని ఒక ముఖ్యాంశం గురించి జరగలేదు. అది గుర్తింపు. ఈ రికార్డు ఎవరిది, దీనిని రాసినవారు ఎవరు, దీనిని తెరిచి చూసినవారు ఎవరు అనే మూడు ప్రశ్నలకు కంప్యూటర్ నిస్సందేహమైన సమాధానం ఇవ్వలేనప్పుడు రికార్డు ఎంత సమగ్రంగా ఉన్నా దానిపై ఆధారపడటం ప్రమాదకరమే.

రికార్డు లేకపోవడం కంటె తప్పు రికార్డు ఉండటం ఎక్కువ హాని చేస్తుంది. రికార్డు లేనప్పుడు వైద్యుడు పరీక్షలు మళ్లీ చేయిస్తాడు, రోగిని, వెంట వచ్చినవారిని ప్రశ్నలు అడిగి తెలుసుకుంటాడు. తెరమీద ఒక రక్తవర్గం, ఒక మందు పడదన్న సూచన కనిపించినప్పుడు మాత్రం దానిని నమ్మి ముందుకు సాగుతాడు. ఆ వివరాలు అదే పేరుగల మరొక రోగివి అయితే ప్రాణాపాయం సంభవించవచ్చు. అందువలన గుర్తింపు అనేది రిజిస్ట్రేషన్ కౌంటరుకు సంబంధించిన చిన్న పని కాదు, చికిత్సలో భాగం.

పేరు ఒకటే, మనుషులు వేరు

తెలుగు జిల్లాలలో ఏ పెద్దాస్పత్రి ఓ.పి. రిజిస్టరు తిరగవేసినా ఒకే రోజున లక్ష్మి, వెంకటేశ్వర్లు, నాగమణి, శ్రీనివాస్ అనే పేర్లు పదేపదే కనిపిస్తాయి. ఇంటిపేరు కొన్ని పత్రాలలో పూర్తిగానూ, కొన్నింటిలో పొడి అక్షరంగానూ ఉంటుంది. కొన్నింటిలో అసలు ఉండదు. వివాహానంతరం స్త్రీల ఇంటిపేరు రేషన్ కార్డులో ఒక విధంగా, పాఠశాల ధ్రువపత్రంలో మరొక విధంగా నమోదై ఉండటం సర్వసాధారణం. వయస్సు చాలామంది పెద్దలు ఉజ్జాయింపుగానే చెబుతారు. అరవై అని ఒకసారి చెప్పినవారు ఆరు నెలల తరువాత అరవై అయిదు అని చెప్పినా ఆశ్చర్యపడవలసినది లేదు.

కంప్యూటరుకు వచ్చేసరికి మరొక చిక్కు తోడవుతుంది. ఆస్పత్రి సాఫ్ట్‌వేర్లలో అత్యధికం పేర్లను ఆంగ్ల అక్షరాలలోనే తీసుకుంటాయి. లక్ష్మి అనే పేరును ఒక ఆపరేటర్ ఎక్స్ అక్షరంతో రాస్తే, మరొకరు కె, ఎస్, హెచ్ అక్షరాలతో రాస్తారు. మన చెవికి రెండూ ఒకటే. కంప్యూటరుకు మాత్రం ఇద్దరు వేర్వేరు మనుషులు. ఫలితంగా ఒకే రోగికి అయిదారు రిజిస్ట్రేషన్ నంబర్లు ఏర్పడి, మధుమేహ పరీక్షలు ఒక నంబరులోను, గుండె పరీక్షలు మరొక నంబరులోను చెల్లాచెదురవుతాయి. దీనికి విరుద్ధమైన పొరపాటు ఇంకా తీవ్రమైనది. పేరు, వయస్సు కలిసినంత మాత్రాన ఇద్దరు వ్యక్తుల వివరాలను ఒకే నంబరు కిందకు చేర్చితే వాటిని తిరిగి విడదీయడం ఎంతో కష్టం. రెండు రికార్డులను కలిపే అధికారం ప్రతి ఆపరేటరుకు కాక, శిక్షణ పొందిన ఒకరిద్దరికి మాత్రమే ఉండాలని నిపుణులు చెప్పడానికి కారణం ఇదే.

ఈ సమస్య తెలుగువారికి కొత్తది కాదు. 2007 ఏప్రిల్ 1న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాలలో ఆరోగ్యశ్రీ పథకం ప్రారంభమైనప్పుడు తెల్ల రేషన్ కార్డే అర్హతకు ఆధారమైంది. నెట్‌వర్క్ ఆస్పత్రిలో ఆరోగ్యమిత్ర రోగి కార్డును పరిశీలించడం, వివరాలను, ఛాయాచిత్రాన్ని ఆన్‌లైన్‌లో పంపడం, ట్రస్టు వైద్యులు వాటిని చూసి శస్త్రచికిత్సకు ముందస్తు అనుమతి ఇవ్వడం అనే పద్ధతి అప్పుడే రూపుదిద్దుకొంది. అయితే రేషన్ కార్డు కుటుంబానికి ఇచ్చినది, వైద్య రికార్డు వ్యక్తికి చెందినది. కుటుంబం అర్హమైనదా కాదా అన్న ప్రశ్నకు కార్డు సమాధానం చెప్పగలిగింది. ఈ మనిషికి గత సంవత్సరం మరొక ఆస్పత్రిలో ఏ చికిత్స జరిగిందన్న ప్రశ్నకు సమాధానం చెప్పడం దాని పని కాదు. అర్హతకు గుర్తింపు వేరు, వైద్యానికి గుర్తింపు వేరు అన్న విషయం అనుభవంలో తేలింది.

పద్నాలుగు అంకెల ఆభా

ఈ రెండవ అవసరాన్ని తీర్చడానికే జాతీయ స్థాయిలో ప్రత్యేక సంఖ్య ఏర్పడింది. 2017 నాటి జాతీయ ఆరోగ్య విధానం డిజిటల్ ఆరోగ్య వ్యవస్థను ప్రస్తావించగా, విశిష్ట గుర్తింపు ప్రాధికార సంస్థ పూర్వ అధ్యక్షులు జె. సత్యనారాయణ నాయకత్వంలోని కమిటీ 2019లో జాతీయ డిజిటల్ ఆరోగ్య ప్రణాళికను రూపొందించింది. 2020 ఆగస్టు 15న ప్రధానమంత్రి ప్రకటించిన జాతీయ డిజిటల్ ఆరోగ్య మిషన్‌ను తొలుత ఆరు కేంద్రపాలిత ప్రాంతాలలో ప్రయోగాత్మకంగా అమలు చేశారు. 2021 సెప్టెంబరు 27న ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ పేరుతో దేశమంతటికీ విస్తరించారు. 2022 ఫిబ్రవరిలో కేంద్ర మంత్రివర్గం దీనికి అయిదేళ్లకు 1,600 కోట్ల రూపాయలు ఆమోదించింది.

ఈ మిషన్ కింద పౌరులకు ఇచ్చే ఆయుష్మాన్ భారత్ హెల్త్ అకౌంట్‌నే ఆభా అని వ్యవహరిస్తున్నారు. ఇది 14 అంకెల సంఖ్య. దీనితోపాటు గుర్తుంచుకోవడానికి వీలైన ఆభా చిరునామా కూడా ఉంటుంది. ఈ-మెయిల్ చిరునామా వలె మొదట వ్యక్తి ఎంచుకున్న పేరు, ఎట్ గుర్తు తరువాత ఏబీడీఎం అనే అక్షరాలు వస్తాయి. ఆధార్‌తో అనుసంధానమైన ఫోనుకు వచ్చే ఓటీపీ ద్వారా ఆభాను పొందవచ్చు.

ఆభా గురించి ప్రజలలో రెండు అపోహలు ఉన్నాయి. మొదటిది, ఈ సంఖ్య తీసుకుంటే మన వైద్య వివరాలన్నీ ఢిల్లీలోని ఒక కంప్యూటరులో చేరతాయన్నది. మిషన్ రూపకల్పన ప్రకారం రికార్డులు వాటిని తయారుచేసిన ఆస్పత్రి, ప్రయోగశాలల వద్దనే ఉంటాయి. ఆభా వాటి జాడను చూపే సూచిక వంటిది. రెండవది, ఆభా లేనివారికి వైద్యం అందదన్నది. ఆభా స్వచ్ఛందం. అది లేదన్న కారణంతో ఏ రోగినీ తిప్పి పంపడానికి వీలులేదు. పురిటి నొప్పులతో వచ్చిన స్త్రీని, రోడ్డు ప్రమాదంలో స్పృహ కోల్పోయిన వ్యక్తిని ముందు చేర్చుకోవాలి. తాత్కాలిక నంబరు వేసి చికిత్స చేసి, గుర్తింపు సంగతి తరువాత చూడాలి. తాత్కాలిక నంబరును అసలు నంబరుతో కలిపే పద్ధతి ముందుగానే రాసిపెట్టుకోని ఆస్పత్రిలో ఆ రాత్రి చేసిన పరీక్షలు రోగి పాత రికార్డులో ఎన్నటికీ చేరవు.

2022 అక్టోబరు నుండి అమలులోకి వచ్చిన స్కాన్ అండ్ షేర్ సదుపాయం ఓ.పి. వరుసలను తగ్గించడానికి ఉద్దేశించినది. కౌంటరు వద్ద ఉంచిన క్యూఆర్ కోడ్‌ను రోగి తన ఫోనుతో స్కాన్ చేస్తే పేరు, వయస్సు, చిరునామా వంటివి నేరుగా ఆస్పత్రికి చేరి టోకెన్ నంబరు వస్తుంది. అక్షరాల తేడాల వలన వచ్చే ఇబ్బంది దీనితో చాలావరకు తొలగిపోతుంది. తెలంగాణలో 2022 మార్చిలో ములుగు, రాజన్న సిరిసిల్ల జిల్లాలలో ప్రయోగాత్మకంగా చేపట్టిన ఆరోగ్య సూచిక కార్యక్రమంలో సిబ్బందే ఇంటింటికీ వెళ్లారు. ఫోను వాడని వృద్ధులను దృష్టిలో ఉంచుకుంటే ఈ రెండవ పద్ధతి అవసరం ఇంకా తీరలేదనే చెప్పాలి.

ఫోను ఒకరిది, అంగీకారం మరొకరిది

ఒక ఆస్పత్రిలోని రికార్డును మరొక ఆస్పత్రి చూడాలంటే రోగి అంగీకారం తెలపాలి. ఏ ప్రయోజనం కోసం, ఏ రకం రికార్డులు, ఏ కాలానికి చెందినవి, ఎంతకాలం వరకు చూడవచ్చు అన్న వివరాలతో ఫోనుకు అభ్యర్థన వస్తుంది. రోగి దానిని యథాతథంగా ఒప్పుకోవచ్చు, కుదించి ఒప్పుకోవచ్చు, తిరస్కరించవచ్చు. ఇచ్చిన అంగీకారాన్ని తరువాత ఉపసంహరించుకోవచ్చు. కాగితపు కాలంలో రోగికి ఇంతటి నియంత్రణ ఎన్నడూ లేదు.

అయితే ఈ ఏర్పాటు యావత్తూ ఫోను ఎవరి చేతిలో ఉందన్న దానిపై ఆధారపడి ఉంది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15 నుండి 49 ఏళ్ల స్త్రీలలో తాము స్వయంగా వాడుకునే ఫోను ఉన్నవారు నూటికి 54 మంది మాత్రమే. మిగిలిన వారి ఓటీపీ భర్త ఫోనుకో, కుమారుని ఫోనుకో చేరుతుంది. గర్భస్రావం, హెచ్.ఐ.వి. పరీక్ష, మానసిక చికిత్స వంటి వివరాలు రోగికంటె ముందు ఇంటిలోని మరొకరికి తెలిసే ప్రమాదం ఉంది. అంగీకారపత్రం మీద పేరు ఆమెది, వేలు వేసినది మరొకరు. సాంకేతికంగా ఇందులో ఏ నియమమూ ఉల్లంఘన కాలేదు, అందువలన ఏ తనిఖీలోనూ ఇది బయటపడదు. ఆభా నమోదు చేసే ఆశా కార్యకర్తలు, ఏ.ఎన్.ఎం.లు ఫోను ఎవరిదని విడిగా అడగడం, సొంత ఫోను లేని స్త్రీకి ఏ రికార్డులు అనుసంధానం చేయాలో ఆమెనే ఒంటరిగా అడిగి తెలుసుకోవడం తప్పనిసరి. కుటుంబమంతటికీ ఒకే ఫోను ఉన్నచోట, స్కాన్ చేసేటప్పుడు ఎవరి ఖాతా తెరిచి ఉందో చూడటం కూడా ముఖ్యమే. లేనియెడల తల్లి చూపించుకున్న మోకాలి నొప్పి కుమారుని రికార్డులో చేరుతుంది.

వైద్యుని గుర్తింపు

రోగి తానెవరో నిరూపించుకుంటున్నప్పుడు చికిత్స చేసేవారు కూడా తామెవరో నిరూపించుకోవడం న్యాయం. ముఖాముఖి వైద్యంలో ఆస్పత్రి భవనం, గోడమీది ధ్రువపత్రం, తోటి సిబ్బంది కొంత భరోసా ఇస్తాయి. తెరమీది వైద్యంలో అవేవీ ఉండవు. 2020 మార్చి 25న వెలువడిన టెలిమెడిసిన్ మార్గదర్శకాలు అజ్ఞాతంగా సంప్రదింపులు జరగరాదని, రోగికి వైద్యుడు, వైద్యునికి రోగి ఎవరో తెలిసి ఉండాలని నిర్దేశించాయి. మందుల చీటీపై వైద్యుని రిజిస్ట్రేషన్ సంఖ్య ఉండాలి. మత్తుమందుల చట్టం కిందకు వచ్చే ఔషధాలను ఈ పద్ధతిలో రాయకూడదు.

ఈ విషయంలో ఆంధ్రప్రదేశ్‌కు ప్రత్యేక స్థానం ఉంది. ఆరోగ్య ఉపకేంద్రాలను దూరంలోని వైద్యులతో కలిపే ఈ-సంజీవని సేవను 2019 నవంబరులో మొట్టమొదట అమలు చేసిన రాష్ట్రం ఇదే. గ్రామంలోని ఆరోగ్య కార్యకర్త తన లాగిన్‌తో రోగి వివరాలు పంపితే, హబ్‌లోని వైద్యుడు తన లాగిన్‌తో చూసి మందులు రాస్తాడు. ఈ రెండు లాగిన్‌ల మధ్యగల గీతను గౌరవించినంతవరకే ఆ మందుల చీటీకి విలువ. వైద్యుని లాగిన్‌ను మరొకరు వాడితే చీటీ చూడటానికి సక్రమంగానే ఉంటుంది. మందుల దుకాణదారునికి గాని, రోగికి గాని తేడా తెలియదు. మందు వికటించిన నాడు మాత్రం సమాధానం చెప్పవలసినవాడు ఆ వైద్యుడే.

వైద్యుల అర్హతలను పరిశీలించి నమోదు చేయడానికి డిజిటల్ మిషన్ కింద ఆరోగ్య వృత్తినిపుణుల రిజిస్ట్రీ, ఆస్పత్రుల కోసం ఆరోగ్య సంస్థల రిజిస్ట్రీ ఏర్పడ్డాయి. జాతీయ వైద్య కమిషన్ చట్టం, 2019 కింద జాతీయ వైద్యుల రిజిస్టరు పోర్టల్ 2024 ఆగస్టులో ప్రారంభమైంది. ఇక్కడ ఒక సూక్ష్మం గమనించదగినది. రాష్ట్ర వైద్య మండళ్లు దేనికదే వరుస సంఖ్యలు ఇస్తూ వచ్చాయి. ఒకే సంఖ్య రెండు రాష్ట్రాలలో ఇద్దరు వైద్యులకు ఉండవచ్చు. కనుక సంఖ్యతోపాటు ఏ మండలి, ఏ సంవత్సరం అన్నవి కూడా చూడాలి. 2014లో రాష్ట్ర విభజనకు ముందు ఉమ్మడి మండలిలో నమోదైన వైద్యుల విషయంలో ఇది మరింత ముఖ్యం. నకిలీ వైద్యులు సాధారణంగా కల్పిత సంఖ్య రాయరు. నిజమైన మరొకరి సంఖ్యనే వాడుకుంటారు. సంఖ్య ఉందా అని చూసి ఊరుకోక, ఆ సంఖ్య ఎవరి పేరుమీద ఉందో సరిపోల్చాలి.

డిజిటల్ సంతకం ఏ విధంగా పనిచేస్తుందో కోవిన్ టీకా ధ్రువపత్రం ద్వారా చాలామందికి అనుభవమే. 2021లో ఇచ్చిన ఆ పత్రాలపై క్యూఆర్ కోడ్‌లో పేరు, టీకా, తేదీలతోపాటు జారీచేసిన సంస్థ డిజిటల్ సంతకం కూడా ఉండేది. పత్రంలోని ఒక్క అక్షరం మార్చి కోడ్ తిరిగి తయారుచేసినా సంతకం సరిపోలక, తనిఖీలో నకిలీ అని తేలిపోతుంది. సంతకం చేసిన వైద్య పత్రం, స్కాన్ చేసి అంటించిన సంతకపు బొమ్మ ఉన్న పత్రం తెరమీద ఒకే తీరుగా కనిపించవచ్చు. వాటి విలువ మాత్రం ఒకటి కాదు. బొమ్మను ఎవరైనా కత్తిరించి మరొక కాగితం మీద అంటించగలరు.

డ్యూటీ గదిలో ఒకే పాస్‌వర్డ్

గుర్తింపు వ్యవస్థలో అన్నిటికంటె బలహీనమైన చోటు ఏదంటే సర్వర్ గది కాదు, వార్డులోని డ్యూటీ బల్ల. ఉదయం ఒకరు తెరిచిన లాగిన్ మీద రోజంతా అందరూ పనిచేయడం, పాస్‌వర్డ్‌ను చీటీ మీద రాసి మానిటరుకు అంటించడం, యూనిట్ అధిపతి లాగిన్‌తో హౌస్ సర్జన్లు డిశ్చార్జి పత్రాలు పూర్తిచేయడం అనేవి ఏ ఒక్క ఆస్పత్రికో పరిమితమైన అలవాట్లు కావు.

దీనిని సిబ్బంది నిర్లక్ష్యంగా కొట్టివేయడం సరికాదు. నలభై మంది రోగులున్న వార్డులో ఇద్దరు స్టాఫ్ నర్సులు, ఒకే కంప్యూటర్, నెమ్మదించిన నెట్ ఉన్నప్పుడు ప్రతి నమోదుకూ లాగిన్ అయి, లాగౌట్ కావడానికి పట్టే సమయం రోగి పక్కన గడపవలసిన సమయం. నియమం పనికి అడ్డుపడితే సిబ్బంది పనినే ఎంచుకుంటారు, ఎంచుకోవాలి కూడా. అందువలన సర్క్యులర్లు జారీచేయడంకంటె, సొంత లాగిన్ వాడటం ఇతరుల లాగిన్ వాడటంకంటె సులభమయ్యేలా చేయడమే పరిష్కారం. గుర్తింపు కార్డును తాకించి, చిన్న పిన్ నొక్కితే రెండు మూడు క్షణాలలో తెర తెరుచుకోవడం, బల్ల వదిలి వెళ్లగానే దానంతట అదే మూతపడటం వంటి సదుపాయాలు ఇందుకోసమే ఉన్నాయి. వేలిముద్ర పద్ధతి ఆస్పత్రులలో అన్ని చోట్లా అనుకూలించదు. చేతి తొడుగులు, పదేపదే చేతులు కడుక్కోవడం అడ్డువస్తాయి. పైగా పాస్‌వర్డ్ బయటపడితే మార్చుకోవచ్చు, వేలిముద్రను మార్చుకోలేము.

ఒకే లాగిన్‌ను పదిమంది వాడటం వలన కలిగే నష్టం తొలిసారి ప్రత్యక్షంగా కనిపించేది చాలా సందర్భాలలో న్యాయస్థానంలో. దాడి కేసులో గాయాల ధ్రువపత్రం, విషప్రయోగం కేసులో చేర్చుకున్న సమయం, కాలిన గాయాలతో వచ్చిన స్త్రీ స్పృహలో ఉన్నదా లేదా అన్న నమోదు వంటివి నెలలు, సంవత్సరాల తరువాత సాక్ష్యాలవుతాయి. ఎలక్ట్రానిక్ రికార్డును సాక్ష్యంగా స్వీకరించడానికి గతంలో సాక్ష్యాధారాల చట్టం 65బి సెక్షన్, 2024 జులై 1 నుండి భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ ధ్రువీకరణ కోరుతున్నాయి. ధ్రువీకరణ ఇచ్చినా, ఆ రాత్రి ఆ లాగిన్ వాడినది ఎవరని ప్రతివాది న్యాయవాది అడిగినప్పుడు అందరూ వాడతారన్న సమాధానం వస్తే బాధితురాలికి న్యాయం అక్కడే ఆగిపోవచ్చు.

లాగిన్ ఇవ్వడంపై ఉన్న శ్రద్ధ దానిని ఉపసంహరించుకోవడంపై ఉండదు. ప్రభుత్వ వైద్యశాలల్లో బదిలీలు, డెప్యుటేషన్లు, పదవీ విరమణలు నిరంతరం జరుగుతుంటాయి. హౌస్ సర్జన్లు ఏడాదికి మారిపోతారు. డేటా ఎంట్రీ ఆపరేటర్లు అవుట్‌సోర్సింగ్ ఏజెన్సీ మారగానే మారతారు. రిలీవ్ అయ్యే ఉద్యోగి గ్రంథాలయం, స్టోర్సు, క్వార్టర్సు నుండి నో డ్యూస్ తీసుకోవాలి. ఆ పత్రంలో కంప్యూటర్ లాగిన్ రద్దు చేసినట్లు ఒక గడి చేరిస్తే ఖర్చు లేకుండానే పెద్ద రంధ్రం పూడుతుంది. ఈ మాత్రం పనికి కొత్త సాఫ్ట్‌వేర్ కొనవలసిన అవసరం లేదు.

ప్రతి ఉద్యోగికీ తన విధులకు అవసరమైనంత మేరకే ప్రవేశం ఉండాలి. రిజిస్ట్రేషన్ గుమస్తాకు పేరు, చిరునామా చాలు, మానసిక వైద్యుని నోట్సు అవసరం లేదు. ల్యాబ్ టెక్నీషియన్ పరీక్ష ఫలితం నమోదు చేస్తాడు, మందులు రాయడు. అయితే ఈ నియమం మరీ బిగుసుకుపోతే ప్రాణం మీదికి వస్తుంది. అర్ధరాత్రి అత్యవసర విభాగంలో ఉన్న వైద్యునికి మరొక విభాగపు రికార్డు అవసరమైతే అనుమతుల కోసం వేచి ఉండలేడు. అటువంటప్పుడు కారణం పేర్కొని నేరుగా తెరిచే అత్యవసర ప్రవేశం ఉండాలి. దానిని మరునాడు ఒక అధికారి తప్పక సమీక్షించాలి. సమీక్ష జరగని చోట అత్యవసర ప్రవేశం నిత్య ప్రవేశంగా మారుతుంది.

పాస్‌వర్డ్ విషయంలో ఒక పాత అలవాటును కూడా విడనాడవలసి ఉంది. ప్రతి నెలా లేదా మూడు నెలలకు ఒకసారి బలవంతంగా పాస్‌వర్డ్ మార్పించడం భద్రత అని చాలాకాలం భావించారు. మార్చమన్నప్పుడల్లా పాత పదం చివర ఒక అంకె పెంచడం తప్ప ఎవరూ వేరేమీ చేయరని తేలింది. అమెరికాకు చెందిన జాతీయ ప్రమాణాల సంస్థ నిస్ట్ 2017లోనే, బయటపడిందన్న ఆధారం ఉన్నప్పుడు తప్ప గడువు పెట్టి మార్పించవద్దని మార్గదర్శకాలలో పేర్కొన్నది. చిన్న చిక్కు పదంకంటె, తనకు మాత్రమే తోచే నాలుగైదు మాటల పొడవైన పాస్‌వర్డ్ మేలు. దానికితోడు ఫోనుకో, ప్రత్యేక పరికరానికో వచ్చే రెండవ అంచె ధ్రువీకరణ ఉండాలి.

ఎయిమ్స్ అనుభవం

2022 నవంబరు 23న న్యూఢిల్లీలోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థ కంప్యూటర్ వ్యవస్థపై జరిగిన రాన్సమ్‌వేర్ దాడి దేశంలోని ఆస్పత్రులన్నింటికీ హెచ్చరిక. అయిదు సర్వర్లలోని సుమారు 1.3 టెరాబైట్ల సమాచారం తాళం పడినట్లయింది. రోగుల నమోదు, చేరికలు, ప్రయోగశాల నివేదికలు కొద్ది రోజులపాటు చేతిరాతతోనే నడిచాయి. నెట్‌వర్క్‌ను సరైన విధంగా విభజించి ఉంచకపోవడం దీనికి దారితీసిందని కేంద్ర ప్రభుత్వం పార్లమెంటుకు తెలిపింది. అనగా ఒకచోట ప్రవేశించినవారు అడ్డంకి లేకుండా మరొక చోటికి పోగలిగారు. ఒక గుమస్తా లాగిన్ చిక్కినంత మాత్రాన ఆస్పత్రి యావత్తూ చేతికి చిక్కకుండా ఉండాలంటే గదికీ గదికీ తలుపు ఉండాలి, ఏ తాళంచెవి ఏ తలుపుదో నిర్ణయమై ఉండాలి.

అదే సంవత్సరం ఏప్రిల్ 28న జారీ అయిన సెర్ట్-ఇన్ ఆదేశాల ప్రకారం ఇటువంటి ఘటనలను గమనించిన 6 గంటలలోగా తెలియజేయాలి. వ్యవస్థలోని ప్రవేశ వివరాల చిట్టాను 180 రోజులు భద్రపరచాలి. లాగిన్‌లు ఎవరివి వారివే అయినప్పుడు మాత్రమే ఆ చిట్టా ఉపయోగపడుతుంది.

చట్టం ఏమి చెబుతోంది

సమాచార సాంకేతిక చట్టం, 2000లోని 66సి సెక్షన్ ప్రకారం మరొకరి పాస్‌వర్డ్, ఎలక్ట్రానిక్ సంతకం లేదా విశిష్ట గుర్తింపును మోసపూరితంగా వాడటం నేరం. మూడేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా విధించవచ్చు. ఆ చట్టం కింద 2011లో చేసిన నియమాలు సున్నితమైన వ్యక్తిగత సమాచారం జాబితాలో పాస్‌వర్డులను, వైద్య రికార్డులను ఒకే వరుసలో పేర్కొనడం విశేషం. 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం గోప్యతను ప్రాథమిక హక్కుగా ప్రకటించింది. డిజిటల్ వ్యక్తిగత సమాచార పరిరక్షణ చట్టం 2023లో వచ్చింది. దాని నియమాలు 2025 నవంబరులో వెలువడి దశలవారీగా అమలులోకి వచ్చేలా నిర్దేశించబడ్డాయి. సమాచారానికి తగిన భద్రత కల్పించడంలో విఫలమైన సంస్థపై 250 కోట్ల రూపాయల వరకు జరిమానాకు ఈ చట్టం వీలు కల్పించింది. ప్రాణాపాయ సందర్భాలలో వైద్యానికై అంగీకారం లేకుండానే వివరాలు వాడుకోవడాన్ని అనుమతించింది.

వైద్య వృత్తి నియమావళి, 2002 ప్రకారం రోగి కోరినప్పుడు వైద్య రికార్డులను 72 గంటలలోగా ఇవ్వాలి. ఈ హక్కు ఆభా ఉన్నవారికీ, లేనివారికీ సమానమే.

ప్రజలు గమనించవలసినవి

ఓ.పి. చీటీ చేతికి రాగానే పేరు, వయస్సు, తండ్రి లేదా భర్త పేరు సరిచూసుకోవాలి. తప్పుంటే కౌంటరు వదలక ముందే సరిచేయించుకోవడం సులభం. మందు ఇచ్చేముందు, రక్తం ఎక్కించేముందు నర్సు మళ్లీ పేరు అడిగితే విసుగు చెందకుండా పూర్తి పేరు చెప్పాలి. మీరు లక్ష్మమ్మేనా అని అడిగితే అవునని తల ఊపడంకంటె తన పేరు తానే చెప్పడం క్షేమం. ఆభా యాప్‌లో తాము చేయించుకోని పరీక్షల నివేదికలు కనిపిస్తే సంబంధిత ఆస్పత్రికి వెంటనే తెలియజేయాలి. ఆరోగ్య కార్డు మంజూరైందని, ఆభా గడువు ముగుస్తోందని ఫోను చేసి ఓటీపీ అడిగేవారికి చెప్పరాదు. ఆస్పత్రి కౌంటరులో రోగి ఎదుటనే నమోదు జరుగుతున్నప్పుడు తప్ప ఓటీపీ అడిగే అవసరం ఎవరికీ రాదు.

ఆభాకు సంబంధించిన సందేహాలకు, ఫిర్యాదులకు జాతీయ ఆరోగ్య ప్రాధికార సంస్థ ఉచిత నంబరు 1800-11-4477కు ఫోను చేయవచ్చు. ఓటీపీ చెప్పి మోసపోయినవారు ఆలస్యం చేయక సైబర్ నేరాల సహాయ కేంద్రం 1930కు ఫిర్యాదు చేయాలి.